పందెపు చేప యింటి ఆడపడుచు

పలనాటి కథలోని కోడిపందెమును గూర్చి విననివారు తెలుగునాట అరుదు. పోరిన పుంజుల ప్రతాపమును పాటకులు తరతరములుగా పాడుచునే యున్నారు. ఆ పుంజులను పొదిగిన పెట్టల మాట మాత్రము ఎవ్వరును తలపెట్టరు. సయాము దేశపు పోరుచేప చరిత్రయు ఇట్టిదే. దానిని గూర్చి వ్రాసిన వారందరును మగచేప రంగులను, రెక్కలను, కయ్యమును వర్ణించిరి. ఇప్పుడు బెట్టా అను పేరుతో మన పట్టణములలోని అంగళ్లలోను అమ్ముడుపోవుచున్న ఆ చేపలలో ఆడుదానిని, ఇతర జాతుల చేపలతో కలిపి ఒకే తొట్టిలో పెంచవచ్చునా యని పలువురు అడుగుచున్నారు. దీనికి సమాధానము చెప్పవలెనన్న ఆ వంశచరిత్రను కొంత తెలిసికొనక తప్పదు.

1939లో థాయిలాండు అను పేరు దాల్చిన సయాములో దీనిని ప్లాకాట్ అందురు. 'ప్లా' యనగా చేప, 'కాట్' యనగా కరచుట. వరిచేలును, లోతులేని కాలువలును, గడ్డి మొలచిన మడుగులును దీని పుట్టినిండ్లు. అట్టి నిలువ నీటిలో ప్రాణవాయువు స్వల్పము. అందుచేత ఈ జాతికి మొప్పలు గాక తలలో వేరొక శ్వాసావయవము కూడ ఏర్పడినది. చేప మాటిమాటికి పైకి వచ్చి గాలిని నోట గ్రహించును. మన కొఱ్ఱమీనునకును ఇట్టి శక్తియే కలదు; సంతలో పళ్లెమంత నీటిలో అది గంటల తరబడి బ్రతికియుండుటకు కారణ మిదియే. ఈ సౌకర్యమే పోరుచేపకు చేటు తెచ్చినదని మేము తలంచుచున్నాము. చిన్న జాడీలో పెట్టినను చావని చేపను జాడీలోనే పెట్టవచ్చునని మనుష్యుడు నిశ్చయించుకొనెను. చావకుండుట వేరు, సుఖముగా నుండుట వేరు.

1849లో థియొడోర్ కాంటర్ అను డేనిష్ వైద్యుడు మలయా ప్రాంతపు చేపలను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఈయన ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండినవాడు. మలయావారికి కోడిపందెముల యందెంత వ్యామోహమో, సయామువారికి ఈ చేపల పోరాటముల యందంత వ్యామోహ మని ఆయన వ్రాసెను. ధనమునే గాక, ఒక్కొక్కప్పుడు తమ్మును తమ కుటుంబములను గూడ పందెమొడ్డెడివారట. చేపల పోరాటములు నడుపు హక్కును గుత్త కిచ్చుట వలన రాజునకు ఏటేట గొప్ప ఆదాయము వచ్చెడిదని కూడ ఆయన తెలిపెను. జూదరుల చేతిలో చిక్కిన ప్రాణికి ఏ గుణము వృద్ధియగునో వేరుగా చెప్పనక్కరలేదు. గెలిచినదానిని సంతానమునకు నిలిపిరి, ఓడినదానిని విడిచిరి. ఎన్నియో తరములు ఇట్లు గడచినవి.

కాంటర్ ఈ చేప కిచ్చిన పేరు అదివరకే వేరొక చేపకు చెందియుండెను. 1910లో చార్లెస్ టేట్ రీగన్ దానిని సవరించి బెట్టా స్ప్లెండెన్స్ అని నామకరణము చేసెను. స్ప్లెండెన్స్ అనగా ప్రకాశించునది. ఈ పేరును మగచేప శోభకే తగియున్నది.

ఆడచేప సంగతి యేమి? అది పరిమాణమున కొంచెము చిన్నది, రెక్కలు పొట్టివి. గ్రుడ్లు పెట్టు వయస్సు వచ్చిన దానికి పొట్టక్రింద తెల్లని చుక్క యొకటి కనబడును. కాపురమున దాని పాత్ర చిత్రమైనది. మగచేప నీటిపై బుడగలతో నురుగుగూడు కట్టును. ఆడచేప పెట్టిన గ్రుడ్లను నోట కరచుకొని గూటిలో చేర్చును. ఆ పని ముగియగనే తల్లిని తరిమివేయును. గ్రుడ్లను, పిల్లలను తానే కాచును. వరిచేలలో తరుమబడిన ఆడచేపకు పారిపోవుటకు చోటు కలదు. గాజుతొట్టిలో నాలుగు గోడలే కలవు. జంటను తొట్టిలో విడిచిన గృహస్థునకు మరునాడు ఆడచేప చినిగిన రెక్కలతోనో, ప్రాణము లేకయో కనబడుటకు కారణ మిదియే. దంపతులను విడదీయుట పాపమను భావము ఇచ్చట పనికిరాదు.

ఇక తొట్టి చరిత్ర. 1850లో లండనులోని రాబర్టు వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు బంగారుచేపలను, నీటిమొక్కలను, నత్తలను ఒకేచోట నుంచి తాను చేసిన ప్రయోగమును ప్రకటించెను. మొక్క ప్రాణవాయువు నిచ్చును, నత్త కుళ్లిన ఆకును తినును, నీరు చెడదు. ఒకదాని నొకటి ఆదుకొను ఇరుగుపొరుగు అన్నమాట. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల భవనము తెరవబడినది. మరుసటి యేడు ఫిలిప్ హెన్రీ గాస్ గ్రంథము వెలువడి, అక్వేరియమను మాటను ఇంటింటికి చేర్చినది. పోరుచేప ఆ శతాబ్దపు చివరి పాదమున ఐరోపా చేరినది. అచ్చట జూదము పోయి అందము మీద మోజు కలిగినది. 1927లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ లాక్ అనునతడు, లేత శరీరమును ఎఱ్ఱని రెక్కలును గల చేపలను చూచి, క్రొత్త జాతి యని భ్రమించి వేరు పేరు పెట్టెను. తీరా చూడ అది రంగు భేదమే. మగచేప రెక్కలు మేలిముసుగు వలె పెరిగినవి, అది యొంటరి జాడీకి పరిమితమైనది. అంత రంగును, అంత రెక్కయు లేని ఆడచేప సాధువని పేరు తెచ్చుకొని, పలుచేపల తొట్టిలోనికి ప్రవేశించినది.

ఆ పేరు ఎంతవరకు నిజము? పందెములకై పెంచిన వంశమును, అడవి వంశమును పోల్చి చేసిన పరిశోధన యొకటి 2019లో ప్రకటింపబడినది. పోరాడించుటయు, గెలుపును బట్టి ఏరుటయు మగచేపల విషయముననే జరిగెను. అయినను ఆ వంశపు ఆడచేపలు అడవి ఆడచేపల కంటె ఎక్కువ కలహశీలములుగా కనబడినవి. తండ్రి బరిలో సంపాదించినది కూతునకును సంక్రమించినదన్నమాట! బరిలోని కెన్నడును దిగని ఆడపడుచు చేత కూడ కత్తి యుండుట ఇందువలననే. అదే సంవత్సరము థాయిలాండు ప్రభుత్వము ఈ చేపను తమ జాతీయ జలచరముగా ప్రకటించినది.

అట్లని ఆడచేప ఇరుగుపొరుగునకు తగదని మేమనము. మగదానికంటె దీనికి ఆ యోగ్యత మెండు. బరువైన రెక్కలు లేనందున చురుకుగా నీదును; ఇతర చేపలు కొరుకుటకు వ్రేలాడు తోకయు లేదు. కాని తొట్టి కొక్క ఆడచేపయే మేలు. ఐదారింటిని కలిపి యుంచు వేడుక కొందరికి కలదు. అవి వరుస తేల్చుకొనువరకు పోరును, తేలిన పిదప కూడ ఒక్కొక్కప్పుడు పోరును. క్రొత్తవారు దానికి పూనుకొనకుండుటయే మంచిదని మా అభిప్రాయము.

నలుబది లీటర్లకు తగ్గని తొట్టి, దట్టమైన మొక్కలు, 24 మొదలు 28 డిగ్రీల వేడిమి గల నీరు కావలెను. అడుగున తిరుగు కోరిడోరస్ చేపలు, గుంపుగా నీదు చిన్న రాస్బోరాలు దీనికి తగిన పొరుగువారు. రెక్కలు కొరుకు టైగర్ బార్బులును, దీనికి దాయాదులైన గౌరామీలును తగవు. మిగిలిన చేపలు కుదురుకొనిన పిదప దీనిని చివర విడువవలెను. ముందుగా వచ్చినచో తొట్టి యంతయు తన పుట్టినిల్లే యనుకొనును. మొదటి వారము రెండుపూటలు గమనింపవలెను. శరీరము వెలవెలబోయి అడ్డచారలు తేలినచో భయపడుచున్నదని గుర్తు. నిలువు చారలను చూచి బెదరనక్కరలేదు. అవి తరచుగా గ్రుడ్లు నిండిన చిహ్నము. మేత మాంసాహారము; దోమపిల్ల లన్నచో ప్రాణము. పొట్ట పగులునంత తినును గనుక మనమే మితము పాటింపవలెను. తొట్టికి మూత యుండవలెను, చేప ఎగిరిపడును. మూతకును నీటికిని నడుమ రెండంగుళముల గాలి విడువవలెను, చేప పీల్చవలెను. కయ్యము వచ్చిననాడు దానిని తీసి యుంచుటకు, అదే వేడిమి గల నీటితో వేరొక చిన్న తొట్టిని ముందుగనే సిద్ధపరచుకొనవలెను.