పుట్టింటి పేర్లు మోసే చేపలు

మా వెనక వీధిలో ఉండే పెద్దాయన యాభై ఏళ్ల కిందట ఇంగ్లండ్ నుంచి వచ్చారు. సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో ఆయన గ్యారేజీ గోడకు ఒక పాత గాలపు కర్ర వేలాడుతుంటుంది. దారం చివర జానెడు ఉక్కు తీగ, దానికి మూడేసి కొక్కేల గాలాలు రెండు. ఎందుకింత బందోబస్తు అని అడిగితే పైక్ కోసం అన్నారు. ఆ చేపకు నోటినిండా సూదుల్లాంటి పళ్లు. ఉత్త దారమైతే కొరికేస్తుంది.

ఆస్ట్రేలియా మంచినీళ్లలో పైక్ లేదు. అయినా ఆయన ఆ కర్రను పారేయలేదు. పైక్ సంగతులు ఆయన చెబుతుంటే నాకు మన కొరమీను కళ్ల ముందు ఆడింది. వరస కలవదు గానీ రెండింటి బుద్ధీ ఒకటే: నాచులో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికొచ్చినదాన్ని ఒక్క దూకున అందుకోవడం. చెరువులాంటి నిలవ నీటిలో అయితే ఆయన చచ్చిన చేపను బెండు కింద వేలాడదీసి ఓపిగ్గా కూర్చునేవారట. నదిలో వడి తగ్గి నీరు మెల్లగా తిరిగే మూలలు వెతికేవారట. పెద్ద సరస్సులో పడవ వెనక ఎరను లాక్కుంటూ తిరిగేవారట. నేను మా మేనమామ సంగతి చెప్పాను. కరీంనగర్ దగ్గర మా ఊరి చెరువులో ఆయన చిన్న కప్పను గాలానికి గుచ్చి, తామరాకుల సందుల్లో గెంతుతున్నట్టే ఆడించేవాడు. పెద్దాయన మోకాలి మీద చరిచి "అంతే, అంతే" అన్నారు.

నన్ను మొదటిసారి క్యాటై వాగుకు తీసుకెళ్లింది ఆయనే. మా పేట పక్కన పారే సెకండ్ పాండ్స్, క్యాడీస్ వాగుల నీళ్లు చివరికి అందులోకే చేరతాయి, అక్కణ్నుంచి హాక్స్‌బరీ నదిలోకి. ఆ సాయంత్రం పడిన చేపను చేతిలోకి తీసుకుని ఆయన "పెర్చ్" అన్నారు. అది పెర్చ్ కాదు, ఆస్ట్రేలియన్ బాస్. తప్పు ఆయనది కాదు. తొలినాళ్ల నుంచీ వలస వచ్చినవాళ్లు దాన్ని అలాగే పిలిచారు.

ఈ దేశం చరిత్ర చెప్పమని ఊరివాళ్లు అడిగినప్పుడు నేను ఈ పేరు దగ్గరే మొదలుపెడతాను. 1788లో బ్రిటన్ ఓడలు దిగినవాళ్లకు ఇక్కడి చెట్టూ చేపా ఏవీ తెలియవు. తెలిసినవల్లా వదిలి వచ్చిన ఊరి పేర్లు. అందుకే ముర్రే కాడ్ కాడ్ కాదు, ఆస్ట్రేలియన్ సామన్ సామన్ కాదు. సముద్రంలో దొరికే ఒక చేపను ఇక్కడ పైక్ అంటారు, అదీ పైక్ కాదు. మా కొండకూ అలాంటి పేరే ఉండేది. 1804 మార్చి 5న ఫిలిప్ కనింగ్‌హామ్ నాయకత్వంలో తిరగబడ్డ ఐరిష్ ఖైదీలను మేజర్ జార్జ్ జాన్‌స్టన్ సైన్యం ఈ చుట్టుపక్కలే చెదరగొట్టింది. 1798లో ఐర్లండ్‌లో వాళ్లవాళ్లు ఓడిపోయిన కొండ పేరు వినెగర్ హిల్. ఆ పేరే ఇక్కడి పోరుకూ, ఈ నేలకూ అంటుకుంది. తరవాత ఇక్కడ ఇల్లు కట్టుకున్న రిచర్డ్ రౌస్ పేరు నిలిచింది.

పేర్లతో ఆగలేదు, చేపలనే తెచ్చారు. 1864లో నార్‌ఫోక్ అనే ఓడలో, మంచు కింద నాచులో పొదిగి, లక్షకు పైగా సామన్ గుడ్లనూ కొద్ది వేల ట్రౌట్ గుడ్లనూ దాదాపు మూడు నెలల పాటు మోసుకొచ్చి టాస్మేనియాలో పొదిగించారు. సామన్ సముద్రంలోకి వెళ్లి మళ్లీ రాలేదు. ట్రౌట్ నిలదొక్కుకుంది. అసలైన ఇంగ్లీషు పెర్చ్‌నూ తెచ్చి వదిలారు. ఇవాళ న్యూ సౌత్ వేల్స్ దాన్ని హానికర చేపల జాబితాలో పెట్టింది.

ఈ హడావుడిలో కాళ్ల దగ్గరున్న బాస్‌ను సరిగా చూసినవాళ్లు తక్కువ. అది వేసవంతా వాగుల్లో తిరిగి, చలికాలంలో ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటికి దిగి గుడ్లు పెడుతుంది. 20 ఏళ్లు దాటి బతకగలదు. దాని నోట్లో పైక్ పళ్లు లేవు, ఉక్కు తీగ అక్కర్లేదు. సన్నటి అల్లిక దారం, చివర కంటికి ఆనని దారపు ముక్క చాలు. వాగు మడుగుల్లో కర్ర పొట్టిగా ఉండాలి, ఎందుకంటే సరుగుడు కొమ్మల కిందికి విసరాలి. (కోస్తా ఇసుకల్లో మనం పెంచే సరుగుడుకు ఈ చెట్లు దగ్గరి చుట్టాలు.) వేసవి సాయంత్రాల్లో చెవులు చిల్లులు పడేలా అరిచే సికాడా పురుగులు నీళ్లలో రాలుతుంటాయి. ఆ పురుగు ఆకారంలో బొమ్మ ఎర వేసి, నీటి మీద వలయాలు ఆరిపోయేదాకా ఆగి, ఒక్కసారి అదిలించాలి. అలా ఆగడమే నాకు చాలా రోజులు చేతకాలేదు. హాక్స్‌బరీలో మాత్రం సముద్రపు ఆటుపోట్లు ఎగువన ఉన్న యారముండి దాకా తెలుస్తాయి. ఆటు మొదలై చిన్న కాలువల నుంచి నీరు నదిలోకి జారేటప్పుడు, దానితో కొట్టుకొచ్చే రొయ్యల కోసం బాస్ ఆ మూతుల దగ్గర కాచుకుంటుంది. అక్కడ మునిగే బొమ్మ ఎరే పనిచేస్తుంది.

ఆనకట్ట నీటిలో పద్ధతి మళ్లీ వేరు. గ్లెన్‌బాన్ లాంటి జలాశయాల్లో బాస్ లోతున గుంపుగా ఉంటుంది. పడవలోంచి మెత్తటి రబ్బరు ఎరను నిట్టనిలువుగా దించుతారు. ఉప్పునీటికి దారి లేక అక్కడ దాని సంతతి పెరగదు. అందుకే పిల్లల్ని పెంచి వదులుతారు. 1960లో పూర్తయిన వారగాంబా ఆనకట్ట సిడ్నీకి తాగునీరిచ్చింది, బాస్‌కు పై నది దారి మూసేసింది. మే 1 నుంచి ఆగస్టు 31 దాకా నదుల్లో పట్టిన బాస్‌ను ఇంటికి తీసుకెళ్లకూడదు. ఈ నియమం నాకు చాలా ఇష్టం.

చేపల అసలు పేర్లు తెలిసినవాళ్లు ఇక్కడ ఎప్పుడూ ఉన్నారు. హాక్స్‌బరీని ఇక్కడి ఆదివాసులైన దరుగ్ ప్రజలు దియారబ్బిన్ అంటారు. అప్పట్లో సిడ్నీ రేవులో ఆదివాసీ ఆడవాళ్లే గాలపు వేటకత్తెలు. చెట్టు నార పేనిన దారం, శంఖపు చిప్పను అరగదీసి నెలవంకలా చేసిన కొక్కెం, బెరడు పడవలో మట్టి మీద చిన్న నిప్పు. బరంగారూ వాళ్లలో పేరున్న మనిషి. 1790లో వలసదారులు రెండే రెండుసార్లు వల లాగి దాదాపు 4,000 చేపలు పట్టారు, ఆ సామన్ కాని సామన్‌నే. ఒక్కో చేపనూ గాలంతో పట్టి ఇల్లు నడిపే ఆడవాళ్లకు ఆ గుట్ట ఎలా కనిపించి ఉంటుందో అని నేను చాలాసార్లు ఆలోచించాను.

రౌస్ హిల్‌లో మెట్రో ఎక్కితే బండి మారకుండా ఆమె పేరు పెట్టిన బరంగారూ స్టేషన్‌లో దిగొచ్చు. 2024లో తెరిచారు. పోయిన నెల పెద్దాయనా నేనూ వెళ్లి, రేవు ఒడ్డున రాళ్ల మీద కాసేపు కూర్చున్నాం. నీరు తేటగా ఉంది. పాత కర్మాగారాల డయాక్సిన్ అడుగు మట్టిలో ఉండిపోవడంతో హార్బర్ వంతెనకు పడమర పట్టిన చేపను తినొద్దని ప్రభుత్వం చెబుతుంది. బరంగారూ ఉన్నది వంతెనకు పడమరే.