పిల్లర్ బలం రింగుల్లో ఉంది: 1971 నుంచి మన పార్కింగ్ దాకా

2024 డిసెంబర్ 4, ఉదయం ఏడున్నర. ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం. హైదరాబాద్, విజయవాడ దాకా ఊగాయి. మనకు ఇది కొత్తేం కాదు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం కదిలాయి.

మరి ఇల్లు నిలబడాలంటే ఏం కావాలి? లావు ఊచలు అంటారు చాలామంది. కాదు. రింగులు.

ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా తెలిసింది 1971 ఫిబ్రవరి 9న, కాలిఫోర్నియాలో. ఆలివ్ వ్యూ అని అప్పుడే కట్టిన ఆసుపత్రి. భూకంపానికి కింది అంతస్తు దాదాపు రెండడుగులు పక్కకు ఒరిగింది. రింగులు దూరం దూరంగా ఉన్న పిల్లర్లు పిండైపోయాయి. స్ప్రింగులా దగ్గరగా ఊచ చుట్టిన పిల్లర్లకి పైపెచ్చు రాలింది గానీ, లోపలి కాంక్రీటు చెదరలేదు. అవే బిల్డింగుని మోశాయి.

మన దేశంలో దీనికి 1993లో ఐఎస్ 13920 అనే కోడ్ వచ్చింది. పిల్లర్ పైనా కిందా, బీమ్ కలిసే చోట, రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు దాటకూడదు. రింగు కొక్కెం 135 డిగ్రీలు లోపలికి వంగాలి. 90 డిగ్రీలకే ఆపేస్తే ఊపుకి రింగు విప్పుకుంటుంది. కానీ ఆ కోడ్ మూడో జోన్‌లో మామూలు చిన్న బిల్డింగుల్ని వదిలేసింది! 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చింది. రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, మూడో జోన్‌లో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. చాలావాటికి కింద పార్కింగ్, గోడల్లేని ఉత్త పిల్లర్లు. పైగా సబర్మతి ఒండ్రు నేల. ఆ తర్వాతే మూడో జోన్‌కీ కోడ్ తప్పనిసరి చేశారు. 2002 మ్యాప్‌లో విజయవాడ ఉన్నదీ ఆ జోన్‌లోనే.

ఇక మన నగరం. పేరుకే నగరం, ఊరే అనుకోండి! నేలంతా గోదావరి మేట వేసిన మట్టి. మెత్తటి నేల ఊపుని పెంచుతుంది. గల్ఫ్ డబ్బుతో లేచిన మేడల కింద కూడా పార్కింగే. ఉప్పుగాలికి ఊచ తుప్పు పడితే అది వేరే తలనొప్పి.

కట్టేసిన ఇంటికి దారి లేదా? ఉంది, జాకెటింగ్. ముందు స్లాబు కింద సపోర్టులు పెడతారు. పిల్లర్ పైపెచ్చు చెక్కి, చుట్టూ కొత్త ఊచలు, దగ్గర దగ్గరగా రింగులు కట్టి మళ్లీ కాంక్రీటు పోస్తారు. కొత్త ఊచలు కింద ఫుటింగ్‌లోకి దిగాలి, పైన స్లాబు దాటాలి. లేకపోతే అది పిల్లర్‌కి తొడిగిన చొక్కా మాత్రమే. స్టీలు రేకు తొడగడం, కార్బన్ ఫైబర్ గుడ్డ అంటించడం కూడా ఉన్నాయి. ఏదైనా ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూడాలి. పగులు మీద సిమెంటు పూసి రంగేస్తే బలం రాదండీ.

కొత్తగా కడుతున్నారా? కాంక్రీటు పోసే ముందు రోజు సైటుకి వెళ్లి, రింగు కొక్కేలు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పోశాక ఇక కనపడవు.