సాష్: లారీ ఛాసిస్‌కు చుట్టం

ఇంగ్లండులో ఇల్లు కొన్నవాళ్లు డబుల్ గ్లేజింగ్ (రెండు గాజుల) కిటికీలకు కొటేషన్ తెప్పించుకుంటే అందులో ఫ్రేమ్ వేరు, సాష్ వేరు. ఫ్రేమ్ గోడకు బిగించేది, మన ద్వారబంధం లాంటిది. గాజును పట్టుకుని తెరుచుకునే చట్రం సాష్.

ఇది ఫ్రెంచి 'షాసీ' నుంచి వచ్చిన మాట, అర్థమూ చట్రమే. 17వ శతాబ్దపు ఇంగ్లీషు చెవులకు దాని చివరి శబ్దం బహువచనంలా తోచింది. అది కత్తిరిస్తే 'సాష్' మిగిలింది. అదే ఫ్రెంచి మాట మరో దారిన వచ్చి మన లారీ షెడ్లలో 'ఛాసిస్' అయింది. ఎంత ముచ్చటైన చుట్టరికం!

పైకీ కిందికీ జరిగే పాత కిటికీని సాష్ విండో అంటారు గానీ, రెండు గాజుల నడుమ ఆర్గాన్ వాయువు నింపిన కొత్త కిటికీలోనూ కదిలే రెక్క పేరు సాషే. 'సాష్ ఒక్కటే మారుస్తాం' అన్నారంటే పాత ఫ్రేమ్ అక్కడే ఉంటుంది.