మొక్కజొన్న చేను గసగసాల చేనైన కథ

ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు సంచిలో గసగసాలు పెట్టుకోవద్దని మన వేదిక ప్రతి ఏడూ చెబుతూనే ఉంది. మన ఇంట్లో మసాలాలో నూరే గింజే, యూఏఈ, ఖతర్ లాంటి చోట్ల నిషిద్ధ సరుకు. నల్లమందు వచ్చేదీ ఆ మొక్క కాయ నుంచే కాబట్టి ఈ కట్టడి. అయితే ఆ మొక్కను దొంగచాటుగా పండించే రైతు ఎవరు, ఎందుకు పండిస్తాడు అని మనం ఎప్పుడూ అడగలేదు. ఈసారి ఆ చరిత్ర కొంత చెప్పుకుందాం. ఇది మెక్సికో కథ. దేశం దూరమే గానీ, పంట గిట్టక ఊరు విడిచిన మనలాంటివాళ్లకు మరీ కొత్త కథేం కాదు.

మొక్కజొన్నను మనిషి మొట్టమొదట సాగు చేసింది మెక్సికోలోనే. మనకు అన్నం ఎలాగో వాళ్లకు జొన్నరొట్టె లాంటి టోర్టియా అలాగ. 1910లో మొదలైన విప్లవం తర్వాత అక్కడి రైతులకు 'ఎహీదో' అనే ఊరుమ్మడి భూములు దక్కాయి. వాటిని అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు. 1992లో సలీనాస్ ప్రభుత్వం రాజ్యాంగంలోని 27వ అధికరణాన్ని సవరించి ఆ భూముల అమ్మకానికి దారి తెరిచింది. అమెరికా, కెనడాలతో కుదుర్చుకోబోయే ఒప్పందానికి అది ముందస్తు ఏర్పాటు.

ఆ ఒప్పందమే నాఫ్టా. 1994 జనవరి 1న అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజు దక్షిణాన చియాపాస్‌లో ఆదివాసీ రైతులు జపాటిస్టాల పేరుతో తుపాకులు పట్టి తిరగబడ్డారు. తమ చేలకు ఏం రాబోతోందో వాళ్లకు ముందే తెలుసు.

కాగితం మీద రైతుకు రక్షణ లేకపోలేదు. ఏడాదికి 25 లక్షల టన్నుల అమెరికా మొక్కజొన్న సుంకం లేకుండా రావచ్చు, అది దాటితే భారీ సుంకం, అదీ 15 ఏళ్లలో మెల్లగా తగ్గుతుంది అని రాసుకున్నారు. కానీ హద్దు దాటి వచ్చిన సరుకు మీద ప్రభుత్వమే చాలాసార్లు సుంకం వసూలు చేయలేదు. అమెరికా రైతుకు వాళ్ల సర్కారు సబ్సిడీ ఉంది, పెద్ద యంత్రాలున్నాయి. మెక్సికో కొండ రైతుకు వాననీటి చెలక తప్ప ఏమీ లేదు. పైగా మద్దతు ధరకు కొనే సర్కారీ సంస్థ కొనసూపోను 1999లో మూసేశారు. అమెరికా నుంచి వచ్చే మొక్కజొన్న నాలుగింతలు దాటింది. రైతుకు దక్కే అసలు ధర సగానికి పైగా పడిపోయింది. 2008 నాటికి వ్యవసాయంలో 20 లక్షలకు పైగా పనులు పోయాయి.

ఒప్పందం సరుకుకు సరిహద్దు తెరిచింది, మనిషికి తెరవలేదు. కాగితాలు లేకుండానే లక్షల మంది ఉత్తరానికి ఎడారి దారి పట్టారు. మిగిలినవాళ్లలో కొందరు గెరెరో, సినలోవా కొండల్లో గసగసాలు, గంజాయి వేశారు. నిజం చెప్పాలంటే, అక్కడ ఈ పంటలు నాఫ్టాకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉన్నాయి. కానీ 1990 నుంచి 2010 దాకా లెక్కలు తీసిన ఆర్థికవేత్తలు, ధర పడ్డకొద్దీ మొక్కజొన్నకు అనువైన ప్రాంతాల్లోనే ఈ సాగు ఎక్కువగా పెరిగిందని తేల్చారు. ఇందులో వింతేముంది? రోడ్డు లేని కొండ మీద నుంచి టన్ను మొక్కజొన్న దించాలంటే కిరాయే మిగలదు. కాయకు గాట్లు పెట్టి గీకిన జిగురు కిలో అయితే భుజాన వేసుకుని దిగొచ్చు, కొనేవాడు ఊళ్లోకే వస్తాడు.

శిక్ష మాత్రం కొనేవాడి కంటే ముందు పండించేవాడి గడపకే వచ్చింది. హెలికాప్టర్ల నుంచి మందు చల్లితే పక్కనున్న తిండి పంట కూడా మాడిపోతోందని రైతులు మొత్తుకున్నారు. సైన్యం ఊళ్లలో దిగాక, పండించనివాడికి కూడా భద్రత లేకుండా పోయింది. గెరెరోలో రొడోల్ఫో మోంటియెల్, తియోడోరో కబ్రేరా అనే ఇద్దరు రైతులు అడవి నరికివేతను ఎదిరించారు. నాఫ్టా వచ్చిన మరుసటి ఏడే అక్కడి కలప కోసం ఒక అమెరికా కంపెనీ దిగింది. 1999 మేలో సైనికులు ఆ ఇద్దర్నీ పట్టుకుని కొట్టి, ఆయుధాల కేసు పెట్టారు. మోంటియెల్ మీద గంజాయి సాగు కేసు కూడా పడింది. జైల్లో ఉండగానే 2000లో అతనికి గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. 2001 నవంబరులో అధ్యక్షుడు ఫాక్స్ ఇద్దర్నీ విడుదల చేశాడు గానీ, నిర్దోషులని మాత్రం అనలేదు. చివరికి 2010లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు మెక్సికో ప్రభుత్వానిదే తప్పని తీర్పిచ్చింది. పదకొండేళ్లు పట్టింది.

2006 డిసెంబరులో అధ్యక్షుడు కాల్దెరోన్ మాదకద్రవ్యాల మీద యుద్ధం పేరిట సైన్యాన్ని వీధుల్లోకి దించాక పరిస్థితి ఇంకా చెడింది. 2014 సెప్టెంబరులో గెరెరోలోని ఇగువాలలో 43 మంది విద్యార్థులు మాయమయ్యారు. టీచరు శిక్షణ చదువుతున్న వాళ్లంతా దాదాపు రైతు కుటుంబాల పిల్లలే. 2022 నాటికి దేశంలో ఆచూకీ లేనివాళ్ల సర్కారీ లెక్క లక్ష దాటింది.

ఆ తర్వాత ఆ పంటా గిట్టకుండా పోయింది. ఫెంటనిల్ అనే మందు పొలంతో పని లేకుండా రసాయనాలతోనే తయారవుతుంది. అది వచ్చాక, 2017 తర్వాత నల్లమందు ధర కుప్పకూలింది. 2020 జూలైలో నాఫ్టా స్థానంలో కొత్త ఒప్పందం వచ్చింది, మొక్కజొన్న మీద సుంకం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు గెరెరో కొండల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని సినలోవా తోటల్లో టమాటా, మిర్చి కోత కూలికి బస్సెక్కుతున్నాయి.