ఎటోపిక్ డెర్మటైటిస్: చికిత్స మార్గదర్శకాల్లో ఏం మారింది?

ఎటోపిక్ డెర్మటైటిస్ అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి, విపరీతంగా దురద పెట్టే దీర్ఘకాలిక జబ్బు. చాలామందికి చిన్నతనంలోనే మొదలవుతుంది. పసిపిల్లలకు బుగ్గల మీద, కాస్త పెద్ద పిల్లలకు మోచేతి, మోకాలి మడతల్లో వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. ఇంట్లో ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లుంటే వచ్చే అవకాశం ఎక్కువ.

పేరుతోనే చిక్కు

తెలుగులో దీన్నీ 'తామర' అంటారు, ఫంగస్ వల్ల వచ్చే గుండ్రటి మచ్చలనూ (ఉర్దూలో దాద్) 'తామర' అనే అంటారు. తిరుమలాయపాలెంలో అయినా, ఖమ్మంలో అయినా షాపుకెళ్లి "తామర క్రీమ్ ఇవ్వండి" అంటే అది ఏ తామరో అమ్మేవాళ్లకు తెలియదు. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాస్తే దురద తగ్గినట్టే ఉంటుంది. కానీ ఫంగస్ అయితే లోలోపల ముదురుతుంది. అందుకే 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు.

మార్గదర్శకాలు

మన దేశ పరిస్థితులకు తగ్గట్టు 2019లో భారతీయ చర్మ నిపుణులు మార్గదర్శకాలు ప్రచురించారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ తన 2014 నాటి సూచనలను 2022 నుంచి పెద్దవాళ్ల కోసం విడతలవారీగా మార్చింది. వాటి సారాంశం ఇది:

- మాయిశ్చరైజరే పునాది. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, ఒళ్లు తడిగా ఉండగానే రాయాలి.
- మంట ఎక్కువైనప్పుడు డాక్టర్ చెప్పిన బలం ఉన్న స్టెరాయిడ్ పూతమందు, లేదా టాక్రోలిమస్ వంటి స్టెరాయిడ్ లేని పూతమందు వాడాలి.
- తగ్గాక కూడా, తరచూ తిరగబెట్టే చోట వారానికి రెండుసార్లు పూతమందు రాస్తే మళ్లీ రాకుండా ఆపవచ్చు.
- స్టెరాయిడ్ మాత్రలు, సూదులు వీలైనంత వరకు వద్దు. అప్పటికి హాయిగా ఉన్నా, ఆపగానే జబ్బు తిరగబెట్టవచ్చు.
- తీవ్రంగా ఉంటే డుపిలుమాబ్ సూది, ఉపడాసిటినిబ్ వంటి మాత్రలు ఉన్నాయి. ఇవి ఖరీదైనవి, నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి.

ఎంత రాయాలి?

పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబ్ నుంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. రెండు అరచేతులంత చోటుకు అది సరిపోతుంది.

ఎప్పుడు ఆలస్యం చేయొద్దు?

చీము, జ్వరం, నొప్పితో కూడిన నీటిపొక్కులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో అందరికీ రాత్రిపూట దురద ఉంటే అది గజ్జి కావచ్చు, దాని మందు వేరు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లండి. ఏది వాడారో తెలిస్తేనే ఏది ఆపాలో తెలుస్తుంది.