కృత్యాదిన పొంచిన మృత్యువు

పలికినంత మాత్రాన ప్రాణం తీసే భాష ఒకటి ఉంటుందన్న ఊహ నేటి కాల్పనిక క్రీడల్లో తరచుగా కనిపిస్తుంది. 2011లో వెలువడిన స్కైరిమ్ అనే ఆటలో డ్రాగన్లు, వాటి విద్యను నేర్చిన మనుషులు మూడేసి మాటలు ఉచ్చరించి నిప్పు కురిపిస్తారు, ఎదురు నిలిచినవారిని నేల కూలుస్తారు. అక్కడ అది ఆట కోసం అల్లిన పురాణం. తెలుగు దేశంలో మాత్రం ఇటువంటి నమ్మకమే ఛందశ్శాస్త్రంలో ఒక నియమంగా స్థిరపడి, కొన్ని శతాబ్దాల పాటు కవుల చేతిని అదుపు చేసింది. కృత్యాదిన, అంటే కావ్యం మొట్టమొదట, ఏ అక్షరం నిలిపితే, ఏ గణం వేస్తే, ఎవరికి ఏ మేలు కలుగుతుందో, ఏ కీడు మూడుతుందో లక్షణగ్రంథాలు, అనగా పద్యరచనకు నియమాలు చెప్పే శాస్త్రాలు, లెక్కగట్టి చెప్పాయి.

ఆ లెక్క తెలియాలంటే గణమంటే ఏమిటో ముందు చూడాలి. ఒక మాత్ర కాలంలో పలికే అక్షరం లఘువు, రెండు మాత్రల కాలం పట్టేది గురువు. ఇవి మూడేసి చొప్పున కలిసినప్పుడు ఏర్పడే ఎనిమిది కూర్పులే య, మ, త, ర, జ, భ, స, న గణాలు. సంస్కృత ఛందస్సు నుంచి వచ్చిన సంప్రదాయాన్ని అనుసరించి ఒక్కొక్క గణానికి ఒక అధిదేవతను, ఒక ఫలాన్ని నిర్ణయించారు. మగణానికి భూమి అధిదేవత, ఫలం సిరి. యగణానికి జలం, వృద్ధి. భగణానికి చంద్రుడు, కీర్తి. నగణానికి స్వర్గం, సుఖం. ఈ నాలుగూ శుభగణాలు. తక్కిన నాలుగింటిలో జగణానికి సూర్యుడు అధిదేవత కనుక రోగం, సగణానికి వాయువు కనుక దేశాలు పట్టి తిరగడం, తగణానికి ఆకాశం కనుక ధనం శూన్యం కావడం, రగణానికి అగ్ని కనుక మరణం ఫలాలని చెప్పారు. గాలి ఒకచోట నిలవదు, ఆకాశంలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, నిప్పు ముట్టినదాన్ని మిగల్చదు. ఎండదెబ్బ ఎరిగిన నేల మీద సూర్యుడికి రోగాన్ని అంటగట్టడమూ వింతేమీ కాదు. దీన్ని మూఢత్వమని కొట్టివేసే ముందు ఇందులోని ఈ పొందికను గమనించడం న్యాయం. ఇది చాలదన్నట్టు గణాల మధ్య చుట్టరికాలు కూడా కల్పించారు: మ, న గణాలు మిత్రులు, భ, య గణాలు భృత్యులు, జ, త గణాలు ఉదాసీనులు, ర, స గణాలు శత్రువులు. కాబట్టి మొదటి గణం మంచిదైనంత మాత్రాన సరిపోదు, దాని పక్కన ఏ గణం వచ్చి కూర్చుందో కూడా చూసుకోవాలి.

ఈ నియమాల ప్రభావం తెలుగు కావ్యాల తొలిపద్యాలలో స్పష్టంగా కనిపిస్తుంది. లక్ష్మీవాచకమైన ‘శ్రీ’తో కావ్యం మొదలుపెట్టడం సంప్రదాయం, ‘శ్రీ’ గురువు కనుక, లఘువుతో మొదలయ్యే చంపకమాల, మత్తేభం ఆ చోటికి సరిపడవు. వాటిలో చంపకమాలకు ఆదిన శుభగణమైన నగణమే ఉన్నా ‘శ్రీ’కి అందులో చోటు లేదు, మత్తేభానికి ఆదిగణం ఎలాగూ సగణమే. గురువుతో మొదలై, శుభగణం కూడా ఆదిన ఉన్న ప్రసిద్ధ వృత్తాలుగా శార్దూలం, ఉత్పలమాల మిగులుతాయి. నన్నయ భారతానికి ఆదిన నిలిపిన సంస్కృత శ్లోకం, పోతన భాగవతంలోని తొలిపద్యం, పెద్దన మనుచరిత్రలోని తొలిపద్యం శార్దూలాలే. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ఉత్పలమాలతో ఆరంభమవుతుంది. ఈ నాలుగింటికీ మొదటి అక్షరం ‘శ్రీ’యే.

మగణంతోనే మొదలయ్యే మరో గంభీరమైన వృత్తం స్రగ్ధర. అయితే అందులో మగణం వెనువెంటనే రగణం వస్తుంది, అంటే భూమి పక్కన అగ్ని, మిత్రుడి పక్కన శత్రువు. టెంకణాదిత్యుడనే బిరుదున్న నన్నెచోడుడు తన కుమారసంభవాన్ని ఈ వృత్తంతోనే ఆరంభించాడు. అతడు రాజు, కవి కూడా. పన్నెండు ఆశ్వాసాల ఆ కావ్యాన్ని తన గురువైన జంగమ మల్లికార్జునుడికి అంకితమిచ్చాడు. మగణాన్ని ఆనుకొని రగణాన్ని కృత్యాదిన నిలిపినవాడికి చావు తప్పదని, పూర్వం టెంకణాదిత్యుడికి అలాగే జరిగిందని చెప్పే పద్యమొకటి అథర్వణుడనే లాక్షణికుడి పేరుతో వ్యాప్తిలోకి వచ్చింది. రాజ్యాలు ఏలినవాడు యుద్ధంలో మరణించడానికి కారణాలు వేయి ఉండవచ్చు. లాక్షణికుడు మాత్రం ఆ చావును తొలిపద్యంలోని ఆరు అక్షరాలకు ముడిపెట్టాడు. మానవల్లి రామకృష్ణకవి 1909లో అచ్చు వేయించేంతవరకు ఆ కావ్యం లోకానికి మరుగునే ఉండిపోయిందన్నది ఆలోచింపదగ్గ సంగతి. దాని మరుగుకు ఈ నింద ఒక్కటే కారణమని చెప్పడం సాహసమవుతుంది గాని, అపూర్వమైన ఒక కావ్యానికి అటువంటి మచ్చ అంటడం మాత్రం తెలుగు సాహిత్యానికి జరిగిన అన్యాయమే.

ఎందుకంటే స్రగ్ధర నిజంగా ప్రాణాంతకమైతే ఆ దోషం సంస్కృత కవులకూ తగలాలి. కాళిదాసు శాకుంతలంలోని నాందీశ్లోకం స్రగ్ధరే. మయూరుడి సూర్యశతకం ఆద్యంతం స్రగ్ధరలోనే సాగింది. ఆ శతకం చెప్పి మయూరుడు కుష్ఠురోగం నుంచి విముక్తుడయ్యాడని ఐతిహ్యం. తెలుగు రాజును చంపిందన్న వృత్తమే సంస్కృత కవికి ఆరోగ్యమిచ్చిందని లోకం చెప్పుకుంది.

అయినా ఈ భయం నిలిచింది. 1656లో అప్పకవీయమనే లక్షణగ్రంథం రచన నాటికి కూడా లాక్షణికులు గణఫలాలను, అక్షరఫలాలను వదిలిపెట్టలేదు. దీనికి మూలం కావ్యాన్ని పోషించిన వ్యవస్థలో ఉంది. కావ్యాన్ని అంకితం పుచ్చుకునే కృతిపతి అందుకు ప్రతిగా కవికి ధనమో అగ్రహారమో ఇచ్చేవాడు. ఆ కావ్యం తన వంశానికి, సంపదకు, ఆయువుకు మేలు చేస్తుందన్న నమ్మకంతోనే ఇచ్చేవాడు. మేలు చేయగల మాట కీడు కూడా చేయగలదని ఒప్పుకోక తప్పదు. కాబట్టి ఈ శాస్త్రం కృతిపతికి రక్షణగా, కవికి శక్తిగా, రెండు వైపులా పనిచేసింది.

కవికి దక్కిన ఆ శక్తికి మరో రూపం వేములవాడ భీమకవి. అతడి కాలం, ఊరు పండితుల మధ్య వివాదాస్పదాలే గాని, కాశీఖండంలో శ్రీనాథుడు అతడి ఉద్దండ కవితారీతిని తలచుకున్నాడంటే ఆనాటికే ఆ పేరుకు ఎంతటి ప్రతిష్ఠ ఉండేదో తెలుస్తుంది. చిన్ననాడు విందులో తనను పంక్తికి రానివ్వని విప్రుల మీద కోపించి, అప్పాలు కప్పలు కావాలని, అన్నం సున్నం కావాలని శపించాడని, వారు కాళ్ళావేళ్ళా పడితే మళ్ళీ యథాస్థితికి తెచ్చాడని కథ. ఈ శాపాన్ని దగ్గరగా చూస్తే దాని నిర్మాణం బయటపడుతుంది. అప్ప, కప్ప; అన్నం, సున్నం. రెండు జంటలలోనూ రెండవ అక్షరం మారలేదు, మొదటిది మాత్రమే మారింది. పద్యంలోని నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరం ఒకటే కావాలనే తెలుగు ప్రాసనియమం ఇదే. కథ కట్టిన అజ్ఞాత జనం వస్తువును మార్చే మంత్రంగా ఎక్కడి నుంచో బీజాక్షరాలను తేలేదు, తమ పద్యంలోని ప్రాసనే మంత్రంగా చేశారు. తరువాతి కాలంలో తురగా రామకవి, విజయనగరం ప్రాంతపు అడిదము సూరకవి వంటివారి తిట్టు కవిత్వానికి జనం భయపడ్డారంటే, వెనుక ఈ భీమకవి నీడ ఉంది.

అచ్చుయంత్రం వచ్చి, సంస్థానాలు సన్నగిల్లి, కావ్యం ఒక కృతిపతి సొత్తు కాకుండా వేలమంది పాఠకుల చేతికి చేరినప్పుడు కీడు తగలవలసిన మనిషి లేకుండా పోయాడు. 1910లో గురజాడ ముత్యాల సరాలతో మాత్రల నడకను ఎన్నుకున్నాక మూడక్షరాల గణాలకే పని తగ్గింది. వాటి ఫలాలను గురించి చాలామంది కవులు అడగడం మానేశారు.

గణఫలాలు గ్రంథాలలో మిగిలిపోయాయి గాని, అవి పుట్టిన భయం ఇళ్ళలో ఇంకా బతికే ఉంది. లాక్షణికులు శాస్త్రం చేసింది బహుశా ఈ ఇంటి జాగ్రత్తనే. తథాస్తు దేవతలు వింటారని పెద్దలు నేటికీ పిల్లల నోరు అదుపు చేస్తారు. బయలుదేరేవారు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్ళొస్తాను’ అంటారు; పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అంటారు. దేవుడి ముందు దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అని, డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అని తెలుగువారు నేటికీ చెబుతున్నారు.