ఉప్పు దారిలో మజిలీలు

నేపాల్ పర్యాటకం కథ రాసేవాళ్లు చాలామంది బోరిస్ లిసానెవిచ్‌తో మొదలుపెడతారు. మనిషి కూడా కథకు తగ్గవాడే. ఒడెస్సాలో పుట్టాడు, డియాగిలెవ్ బాలే బృందంలో నాట్యం చేశాడు, కలకత్తాలో 300 క్లబ్ నడిపాడు, చివరికి కాఠ్మాండూ చేరి రాణాల భవంతిలో రాయల్ హోటల్ తెరిచాడు. 1955లో థామస్ కుక్ వాళ్ల బృందాన్ని రప్పించి, వాళ్లు ఎగబడి కొంటున్న చేతిపనులను మహేంద్ర రాజుకు చూపించి, టూరిస్టు వీసాలకు ఒప్పించాడని చెబుతారు. తర్వాతి అధ్యాయం జిమ్మీ రాబర్ట్స్‌ది. గూర్ఖా పటాలంలో పనిచేసిన ఈ కర్నల్ 1964లో మౌంటెన్ ట్రావెల్ పెట్టి, మరుసటి ఏడాది ముగ్గురు అమెరికన్ ఆడవాళ్లను ఎవరెస్టు వైపు నడిపించాడు. డబ్బు తీసుకుని జనాన్ని కొండల్లో తిప్పే వ్యాపారం అక్కడ పుట్టిందంటారు.

మంచిర్యాలలో యాత్రలు నడుపుకునే నాకు ఈ కథ మింగుడుపడదు. మా ట్రిప్పు కాశీ, గయ, గోరఖ్‌పూర్ మీదుగా పశుపతినాథ్, ముక్తినాథ్ వరకు వెళుతుంది. ఈ చరిత్రలో నా యాత్రికులు లేరు, వాళ్లకు అన్నం పెట్టి పడక చూపినవాళ్లు అసలే లేరు. రాణాలు ఏలిన 1846-1951 మధ్య నేపాల్ బయటివాళ్లకు తలుపులు వేసుకుంది నిజమే. అయినా ఏటా శివరాత్రికి మన దేశపు భక్తులను లోపలికి రానిచ్చేవాళ్లు. 1927లో రక్సౌల్ నుంచి అమ్లేఖ్‌గంజ్‌కు చిన్న రైలు పడ్డాక కొంత సులువైంది గానీ, భీమ్‌ఫేదీ దాటాక కాఠ్మాండూ లోయలోకి కొండలెక్కి నడవాల్సిందే. రాణాల మోటారు కార్లు సైతం ఆ కొండలమీద కూలీల భుజాలెక్కి పోయేవి. 1962లో నేపాల్‌కు 6,179 మంది పర్యాటకులు వచ్చారని ప్రభుత్వ లెక్క. రోడ్డు మీద సరిహద్దు దాటే మన జనాన్ని ఆ ఖాతాలో ఇప్పటికీ కలపరు. బస్సు నిండా ముసలివాళ్లతో సునౌలీ గేటు దాటిన ప్రతిసారీ నాకు ఇది గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ముక్తినాథ్ దారికి వద్దాం. ధవళగిరి 8,167 మీటర్లు, అన్నపూర్ణ 8,091. రెండింటి నడుమ నుంచి కాళీగండకి దక్షిణానికి దిగుతుంది. మన ఇళ్లలో తులసిదళం వేసి పూజించే సాలగ్రామాలు ఈ నది ఇసుకలోవే. ఆళ్వార్లు పాడిన నూటెనిమిది దివ్యదేశాల్లో ముక్తినాథ్ ఒకటి కాబట్టి శ్రీవైష్ణవులకు ఈ లోయ పేరు ఎప్పటినుంచో తెలుసు. అయితే దారిని అరగదీసింది ఎక్కువగా ఉప్పు మూటలు.

టిబెట్ చెరువుల ఉప్పు గొర్రెలమీద, జడలబర్రెలమీద ఉత్తరం నుంచి దిగేది. కింది పల్లెల నుంచి బియ్యం, మక్కజొన్న, బార్లీ పైకి ఎక్కేవి. చల్లటి ఎత్తుల్లో బతికే జడలబర్రె కింది ఉక్కపోతకు తట్టుకోదు. అందుకని రెండు సరుకులూ మధ్యలో తుకుచేలో కలుసుకునేవి. అక్కడి థకాలీలు ఉప్పు కొలిచి ధాన్యం ఇచ్చేవాళ్లు, ధాన్యం కొలిచి ఉప్పు ఇచ్చేవాళ్లు. 19వ శతాబ్దపు రెండో సగంలో రాణాలు ఈ ఉప్పు సుంకాన్ని కాంట్రాక్టుకిచ్చారు. అది దక్కించుకున్న థకాలీ పెద్దకు సుబ్బా అనే హోదా, లోయ మీద పెత్తనం కలిసొచ్చాయి. 1920ల చివరిదాకా ఆ గుత్తాధిపత్యం నడిచింది. నడివాకిలి చుట్టూ గిడ్డంగులున్న పెద్దపెద్ద ఇళ్లు తుకుచేలో ఇప్పటికీ ఉన్నాయి.

ఈ సంగతులు నేను మొదట చదివింది మా వైపు మనిషిగా మేం చెప్పుకునే ఒక ఆస్ట్రియన్ పుస్తకంలో. ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అంటే పాత ఆదిలాబాద్ జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. కుమురం భీం చనిపోయాక నిజాం సర్కారు తరఫున గోండుల మధ్య పనిచేసిన ఆయన, 1953 నుంచి నేపాల్ కొండలు పట్టుకుని తిరిగాడు. 1975లో వచ్చిన ఆయన ‘హిమాలయన్ ట్రేడర్స్’లో థకాలీల ఉప్పు బేరం వివరంగా ఉంటుంది. భార్య బెట్టీ సమాధి జైనూర్ దగ్గరి మార్లవాయిలో ఉంది. గోండు గూడెంలో కాపురమున్న మనిషి తుకుచే సుబ్బాల పద్దులు తిరగేశాడంటే నాకెందుకో ఆ లోయ మా జైనూర్ పక్క ఊరే అనిపిస్తుంది.

మగవాళ్లు ఉప్పు వెంట తిరుగుతుంటే, బాట పక్కన పూటకూళ్లు నడిపింది ఆడవాళ్లు. వాటిని భట్టీలంటారు. పద్ధతి చాలా సాదా. అన్నానికి డబ్బు తీసుకునేవాళ్లు, పడకకు తీసుకునేవాళ్లు కాదు. చలికాలం ముదిరితే చాలా కుటుంబాలు కిందికి దిగి పోఖరా, బుట్వల్ దారుల్లో భట్టీలు తెరిచేవి, ఎండలు రాగానే మళ్లీ పైకి. సెలవు మీద ఇంటికి పోయే గూర్ఖా సిపాయిలు, కంచరగాడిదల బిడారులు, ముక్తినాథ్ సాధువులు అందరూ అక్కడే తిని అక్కడే పడుకునేవాళ్లు. 1899లో టిబెట్‌లోకి రహస్యంగా దూరడానికి వచ్చిన జపాన్ సన్యాసి ఎకాయ్ కావాగుచి కూడా ఈ దారినే ఎక్కాడు. మార్ఫాలో ఆయన ఉన్న ఇంటిని ఇప్పటికీ చూపిస్తారు. 1950లో మోరిస్ ఎర్జోగ్ బృందం అన్నపూర్ణ ఎక్కబోయే ముందు మకాం వేసిందీ తుకుచేలోనే. బోరిస్ హోటల్ అప్పటికి ఇంకా తెరవనే లేదు.

1959 తర్వాత టిబెట్ సరిహద్దు బిగిసింది, చౌకైన భారతీయ ఉప్పు కొండలెక్కింది. లోయ ఎగువన ముస్తాంగ్‌లో టిబెట్ ఖంపా తిరుగుబాటుదారులు 1974 దాకా మకాం వేయడంతో పైదారి ఇంకా కష్టమైంది. సుబ్బాల కుటుంబాలు పోఖరాకు, కాఠ్మాండూకు తరలాయి. మిగిలినవాళ్ల చేతిలో రెండు ఆస్తులున్నాయి. ఒకటి వంటిల్లు. రెండోది ఢికుర్. పదిమంది కలిసి డబ్బు వేసుకుని వంతులవారీగా ఎత్తుకోవడం, అచ్చం మన చిట్టీ. బ్యాంకు గడప తొక్కకుండానే ఒక్కో చిట్టీ పాటతో ఒక్కో లాడ్జి లేచింది. 1966లో మార్ఫాలో పండ్లతోటల కేంద్రం మొదలైంది. పాసాంగ్ ఖంబాచే షెర్పా అనే ఆయన పట్టుదలతో ఆపిల్ లోయంతా పాకింది. వీపుకు సంచీలు తగిలించుకుని తెల్లవాళ్లు నడుస్తూ వచ్చేసరికి, అన్నం వండడం, పడక వేయడం, లెక్క రాయడం తరతరాలుగా వచ్చినవాళ్లు గుమ్మంలో సిద్ధంగా ఉన్నారు. కొత్తగా నేర్చుకున్నది ఆపిల్ పై ఒక్కటే.

రాబర్ట్స్ పద్ధతి వేరు. గుడారాలు, వంటవాడు, వంటకుర్రాళ్లు, కూలీలు, సర్దార్. శిఖరాలెక్కే దండయాత్రల సరంజామానంతా సెలవు మీద వచ్చినవాళ్లకు అమర్చాడు. మా యాత్రా స్పెషల్‌లూ ఆ కోవలోవే. బస్సు కింద అరల్లో గ్యాసు సిలిండర్లు, సోనామసూరి బస్తాలు, మామిడి తొక్కు, సకినాలు, ఇద్దరు వంటవాళ్లు. ప్రయాణం ఖరారు చేయగానే నాకు వచ్చే మొదటి ఫోను దర్శనం గురించి కాదు. “వంటోళ్లు వస్తున్నరు గద బిడ్డా? మన తిండి లేకుంటే నేను రాను” అంటారు మా పెద్దమ్మలు.

వాళ్ల భయానికి ఒక కారణం మాత్రం నాకూ తెలుసు. థకాలీ వంటింట్లో ఎర్రమట్టి అలికిన పొయ్యి, గోడ పొడుగునా తళతళలాడే ఇత్తడి, రాగి పాత్రలు, ఎక్కడా మసి మరక ఉండదు. అటు చూస్తే ఏ పెద్దమ్మ అయినా మెత్తబడుతుంది. చిక్కు పోపు దగ్గర వస్తుంది. నల్ల మినప్పప్పు ఉడికాక గరిటెలో నెయ్యి కాచి, ఎండిన గడ్డిపోచల్లాంటి జింబు చిటికెడు వేస్తారు. అది క్షణంలో గోధుమరంగు తిరిగి చిటపటమంటుంది, ఇల్లంతా వెల్లుల్లి వాసన. జింబు ఉల్లి జాతి మొక్కే. ఉల్లి ముట్టని యాత్రికులున్నప్పుడు ముందే చెప్పాలి. చెబితే జీలకర్రతో పెడతారు, రెండోసారి అన్నం, మూడోసారి పప్పు అడక్కుండానే వడ్డిస్తారు.

2008 ప్రాంతంలో మార్ఫాకు ఎగువనున్న జోమ్‌సోమ్‌కు జీపు దారి కలిసింది. దారిలోని ఘాసా, లేతే, కలోపానీల్లో రాత్రి ఆగేవాళ్లు తగ్గిపోయి చాలా లాడ్జీలు బోసిపోయాయి. పొద్దున్నే పోఖరాలో బయల్దేరి రాత్రికి ముక్తినాథ్ కింద దిగొచ్చని జీపువాళ్లు ఆశపెడతారు. పోఖరా 800 మీటర్ల ఎత్తు, గుడి 3,700 పైన. అరవై దాటినవాళ్లను ఒక్క రోజులో అంత ఎత్తుకు లేపితే తలనొప్పి, వాంతులు, ఆయాసం. నూటెనిమిది ధారల చన్నీళ్ల కింద తల పెట్టే ఓపిక ఎవరికుంటుంది? ఉప్పు బిడారు ఆగుతూ ఎక్కినప్పుడు ఒంటికి ఆ ఎత్తు నెమ్మదిగా అలవాటయ్యేది. ఇంకో సంగతి గాలి. పగలు పదకొండు దాటితే దక్షిణం నుంచి లోయలోకి ఇసుక ఎగరేసే గాలి లేస్తుంది. అందుకే జోమ్‌సోమ్ విమానాలు పొద్దుటిపూటే ఎగురుతాయి. బిడారులూ చీకటితోనే కదిలేవి.

ఈ కార్తీకానికి నేను వేసిన ప్లాను ఇది. మొదటి రాత్రి తాతోపానీ, వేడినీటి ఊటలున్న చోటు. రెండో రాత్రి మార్ఫా, చదును కప్పుల మీద కట్టెలు పేర్చిన తెల్లటి ఇళ్ల మధ్య. మూడో రోజు తెల్లవారకముందే బయల్దేరి దర్శనం, మధ్యాహ్నానికి తిరిగి మార్ఫాకే. వంటవాళ్లు, సిలిండర్లు పోఖరాలోనే ఆగుతారు. సకినాలు మాత్రం పైకి తెస్తాం, అవి ఆపడం నా తరం కాదు. మార్ఫా లాడ్జి ఆవిడకు ఫోను చేసి మనుషుల లెక్క చెప్పాను. అడ్వాన్సు ఎంత పంపమంటారని అడిగితే, ముందు జింబు తిననివాళ్లు ఎందరో చెప్పమంది.